పాత కాంక్రీటు కంకర: ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వంటి పట్టణాల్లో రోడ్ల వెడల్పు కోసమో కొత్త భవనాల కోసమో కూల్చిన పాత కట్టడాల శిథిలాలను ట్రాక్టర్లలో తెచ్చి చెరువు శిఖంలోనో, వాగు ఒడ్డునో, బైపాస్ పక్కనో కుమ్మరించి పోతున్నారన్న వార్తలను పత్రికల జిల్లా పేజీల్లో తరచూ చదువుతున్నాం. ఆ చర్చ చెరువు పూడిపోవడం దగ్గర, జరిమానా దగ్గర ఆగిపోతోంది. ఆ కుప్పల్లోని పాత కాంక్రీటును మళ్లీ కంకరగా కొట్టి కొత్త కాంక్రీటులో వాడవచ్చునా, వాడితే ఆ కట్టడం ఎంతకాలం మన్నుతుంది అన్న ప్రశ్న మాత్రం ఇంజనీర్ల మధ్యే ఉండిపోయింది. ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో నాణ్యత పరిశీలన పనిలో ఉండి ఉద్యోగ విరమణ చేసినవాడిని కనుక, ఇల్లు కట్టుకునేవారికీ కాంట్రాక్టర్లకూ పురపాలక సంఘాల పెద్దలకూ ఈ సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉందని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

పని జరిగే చోట ఈ విషయంపై రెండు మాటలు వినిపిస్తాయి. పాత కాంక్రీటులో సత్తువ అయిపోయింది, దాన్ని కలిపితే స్లాబు నిలవదు అని చాలామంది మేస్త్రీలు అంటారు. క్యూబు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మ) పోసి చూశాం, 28 రోజులకు రావలసిన బలం వచ్చింది, ఇక అనుమానమెందుకు అని కొందరు కాంట్రాక్టర్లు అంటారు. మొదటి మాట పాత కాంక్రీటును అకారణంగా వెలివేస్తే, రెండో మాట బలాన్నీ మన్నికనూ ఒకటిగా చూస్తోంది. కూల్చిన కాంక్రీటు నుంచి తీసిన కంకరను మన జిల్లాల్లో తప్పకుండా వాడుకోవాలన్నదే నా అభిప్రాయం. అయితే దాని మన్నికను క్యూబు తేల్చదు. కూల్చేటప్పుడు శిథిలాలను ఎలా వేరుచేశాం, కలిపేటప్పుడు నీళ్లు ఎంత పోశాం, సలాకకు కవర్ (దాని మీద ఉండే కాంక్రీటు మందం) ఎంత ఇచ్చాం, ఎన్నాళ్లు తడిపాం అన్నవే తేలుస్తాయి.

ముందుగా ప్రమాణాలు ఏమంటున్నాయో చూద్దాం. కాంక్రీటులో వాడే కంకరకూ ఇసుకకూ వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 383ని 2016లో సవరించినప్పుడు కూల్చివేతల నుంచి వచ్చే కంకరకు అందులో చోటు కల్పించారు. ఆ ప్రమాణం ఇలాంటి కంకరను రెండు రకాలుగా విడదీసింది. కాంక్రీటును మాత్రమే పగలగొట్టి శుభ్రం చేసి తీసినది ఒక రకం. ఇటుక, టైలు, రాయి, కాంక్రీటు కలగలిసిన శిథిలాల నుంచి తీసినది రెండో రకం. మొదటి రకాన్ని సలాక లేని కాంక్రీటులో 25 శాతం వరకు, సలాక ఉన్న కాంక్రీటులో ఎం-25 గ్రేడు (28 రోజులకు క్యూబు చూపవలసిన బలాన్ని చెప్పే అంకె) దాటకుండా 20 శాతం వరకు, ఎం-15 కంటే తక్కువ గ్రేడు ఉండే, పునాది అడుగున పరిచే బెడ్డు కాంక్రీటులో నూటికి నూరు శాతం వాడవచ్చు. రెండో రకం బెడ్డు కాంక్రీటుకు మాత్రమే పనికివస్తుంది, స్లాబుల్లోకి గానీ పిల్లర్లలోకి గానీ రాకూడదు. అంటే పాత కాంక్రీటు పనికిరాదన్న మాట తప్పని మన దేశపు ప్రమాణమే పదేళ్ల క్రితం తేల్చింది, ఎంతైనా కలపవచ్చన్న మాటకూ అప్పుడే హద్దు గీసింది.

ఈ హద్దులు ఎందుకో అర్థం కావాలంటే ఆ కంకర ముక్కను చేతిలోకి తీసుకుని చూడాలి. మన ప్రాంతపు క్రషర్ల నుంచి వచ్చే కంకర దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, గ్నైస్ రాయి నుంచి వచ్చినది. పగిలిన ముఖం మెరుస్తూ, అంచులు పదునుగా, నీరు లోపలికి దిగనంత బిగువుగా ఉంటుంది. పాత కాంక్రీటు నుంచి వచ్చిన ముక్కలోనూ అదే గ్రానైటు ఉంటుంది గానీ, దాని చుట్టూ బూడిద రంగు పాత సిమెంటు మాలు అంటుకుని ఉంటుంది. గోటితో గీకితే పొడి రాలుతుంది, కొన్ని ముక్కల్లో అసలు రాయే లేక అంతా మాలే ఉంటుంది. ఆ మాలులో సన్నటి రంధ్రాలు ఉంటాయి, క్రషర్ దెబ్బకు పడిన కంటికి కనిపించని పగుళ్లు కూడా ఉంటాయి. ఈ కంకరకున్న బలహీనత దాదాపు అంతా ఆ మాలులోనే ఉంది.

తేడాను కొలవడం కష్టమేమీ కాదు. రెండు రకాల కంకరనూ రెండేసి కిలోలు తీసుకుని 24 గంటలు నీళ్లలో ఉంచి, బయటకు తీసి, పైతడి మెరుపు పోయేదాకా బట్టతో తుడిచి తూచాలి. తర్వాత ఓవెన్‌లో 100 నుంచి 110 డిగ్రీల వేడిలో పూర్తిగా ఆరబెట్టి మళ్లీ తూచాలి. మంచి గ్రానైటు కంకర పీల్చిన నీరు సాధారణంగా 10 నుంచి 20 గ్రాములు, అంటే ఒక శాతం లోపు. పాత కాంక్రీటు కంకర పీల్చేది చాలాసార్లు 80 నుంచి 120 గ్రాముల దాకా పోతుంది. పాలిటెక్నిక్ ల్యాబులో రెండు రోజుల్లో పూర్తయ్యే ఈ ఒక్క పరీక్ష ఆ లోడు గురించి క్యూబు కంటే ఎక్కువ చెబుతుంది. మామూలు హద్దు కంటే ఎక్కువగా, 10 శాతం వరకు నీరు పీల్చే పాత కాంక్రీటు కంకరను కూడా ఐఎస్ 383 అనుమతిస్తుంది గానీ, కలిపే ముందు తడిపి ఉంచాలన్న షరతు పెడుతుంది. జపాన్ ప్రమాణాలు ఇంకా కచ్చితంగా ఉన్నాయి. నీరు 3 శాతం మించి పీల్చని కంకరను మొదటి తరగతిగా, 5 శాతం వరకు పీల్చేదాన్ని రెండవదిగా, 7 శాతం వరకు పీల్చేదాన్ని మూడవదిగా విభజించి, రెండో తరగతిని పైల్స్ వంటి నేలలోపలి భాగాలకు, మూడో తరగతిని బెడ్డు వంటి పనులకు కేటాయించారు. ఎంత నీరు పీలుస్తుందన్నదాన్ని బట్టి ఎక్కడ వాడాలో నిర్ణయించే ఆ పద్ధతి నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

ఇప్పుడు బలానికీ మన్నికకూ ఉన్న తేడా చెబుతాను. మామూలు కాంక్రీటులో కంకర రాయికీ దాని చుట్టూ ఉన్న సిమెంటు మాలుకూ మధ్య ఒక పలుచని బలహీన పొర ఉంటుంది. పాత కాంక్రీటు కంకర వాడినప్పుడు ఆ పొరలు రెండవుతాయి: లోపలి రాయికీ పాత మాలుకూ మధ్య ఒకటి, పాత మాలుకూ కొత్త మాలుకూ మధ్య మరొకటి. కంకరలో అయిదో వంతు మాత్రమే మార్చినప్పుడు క్యూబు బలంలో తేడా పెద్దగా కనబడదు. మొత్తం మార్చితే బలం తగ్గుతుంది, ఆరేటప్పుడు కుదింపు గణనీయంగా పెరుగుతుంది, స్లాబు వంగడం కూడా పెరుగుతుంది. వీటికి డిజైనులో సర్దుబాటు చేసుకోవచ్చు. గాలీ నీరూ లోపలికి దిగే దారులు పెరగడమే అసలు చిక్కు. 28వ రోజున క్యూబును నలిపి చూసే యంత్రం ఆ దారులను కొలవదు.

దక్షిణ తెలంగాణలో సముద్రపు ఉప్పుగాలి లేదు కనుక మనకు భయం లేదనుకోవడం సరికాదు. మన దగ్గర సలాకకు ముప్పు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల వస్తుంది. అది కాంక్రీటు రంధ్రాల గుండా మెల్లగా లోపలికి పోయి, సిమెంటు గట్టిపడేటప్పుడు ఏర్పడిన సున్నపు పదార్థంతో కలిసి దాన్ని సుద్దగా మారుస్తుంది. అంతకుముందు పీహెచ్ (క్షారగుణాన్ని చెప్పే కొలత) 12.5 పైన ఉన్న కాంక్రీటు 9 కిందికి దిగుతుంది. సలాకను తుప్పు నుంచి కాపాడే సన్నని రక్షణ పొర నిలవడానికి ఆ క్షారగుణమే ఆధారం, అది పోతే చెమ్మ తగిలిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు కోరుతుంది కనుక కాంక్రీటును లోపలి నుంచి తన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఈ మార్పు పూర్తిగా తడిసిన కాంక్రీటులోనూ పూర్తిగా ఎండిన కాంక్రీటులోనూ నెమ్మదిగా, గాలిలో తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడు వేగంగా సాగుతుంది. వానలు కొద్ది నెలలకే పరిమితమైన మన మెట్ట ప్రాంతపు గాలి ఏడాదిలో చాలాకాలం దానికి అనువుగానే ఉంటుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక పాత పాఠశాల భవనం సన్‌షేడును పరిశీలించిన సంగతి ఇక్కడ చెప్పాలి. కింది వైపు పెచ్చులూడి సలాక బయటపడి ఉంది. పక్కనే బాగున్నట్టు కనిపించిన చోట ఉలితో చిన్న ముక్క తీయించి, తాజాగా పగిలిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లాం. క్షారగుణం మిగిలి ఉన్న లోపలి భాగం క్షణాల్లో ముదురు గులాబీ రంగుకు తిరిగింది, పైనుంచి సలాక దాకా ఉన్న భాగం మాత్రం రంగు మారకుండా బూడిద రంగుగానే ఉండిపోయింది. రంగు మారని భాగంలో ఉన్న సలాక చుట్టూ గోధుమరంగు తుప్పు పొర స్పష్టంగా కనిపించింది. గమనించవలసినదేమంటే ఆ సన్‌షేడులో వాడింది మేలైన గ్రానైటు కంకర, అందులో పాత కాంక్రీటు ముక్క ఒక్కటీ లేదు. కవర్ కొన్ని చోట్ల 10 మిల్లీమీటర్లు కూడా లేదు, మాలు గుల్లగా ఉంది, సరిగా తడపలేదన్నది చూడగానే తెలుస్తోంది. మన పల్లెల్లో పెచ్చులూడుతున్న బడులు, పంచాయతీ భవనాలు, బస్ షెల్టర్లు చాలావాటి కథ ఇదే. అందువల్ల చెడిన కట్టడాలను చూపి నేరాన్ని కంకర మీదికి నెట్టడం న్యాయం కాదు. అయితే మేలైన కంకరతోనే ఇంత నిర్లక్ష్యం చేసినవాళ్లం, తప్పును తక్కువగా ఓర్చుకునే కంకరను చేతిలోకి తీసుకుంటే పద్ధతి మార్చుకోక తప్పదు.

ఎంత తక్కువగా ఓర్చుకుంటుందో ఒక చిన్న లెక్కతో చూపుతాను. కార్బన్ డయాక్సైడ్ దిగిన లోతు కాలం వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల లోతుకు దిగడానికి 50 ఏళ్లు పట్టే కాంక్రీటు ఒకటి ఉందనుకుందాం. గుల్లతనం పెరిగి ప్రతి కాలానికీ లోతు నాలుగో వంతు ఎక్కువైతే, అదే 20 మిల్లీమీటర్లకు 32 ఏళ్లకే చేరుతుంది. పద్దెనిమిదేళ్లు పోయాయి. అదే కాంక్రీటుకు కవర్ 25 మిల్లీమీటర్లు ఇస్తే మళ్లీ 50 ఏళ్లు పడుతుంది. అయిదు మిల్లీమీటర్ల అదనపు కవర్ చేసే మేలు అంతటిది. సలాకను ఎత్తి నిలిపే కవర్ బ్లాకుల బదులు కంకర ముక్కలు పెట్టడం, స్లాబు వేసే రోజు జాలీ మీద నడిచి సలాకను పలకలకు ఆనేలా తొక్కెయ్యడం మన సైట్లలో మామూలైపోయింది. పాత కాంక్రీటు కంకర వాడే పనిలో ఇది జరగడానికి వీల్లేదు. అలాంటి స్లాబుకు ప్రమాణం చెప్పిన కనీసానికి మరో 5 మిల్లీమీటర్లు చేర్చడం మంచిదన్నది నా సలహా.

ఇక నీళ్ల సంగతి. నా అనుభవంలో ఈ కంకర వాడిన పనులు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎండిన పాత కాంక్రీటు కంకరను నేరుగా కాంక్రీటు కలిపే మిల్లర్‌లో వేస్తే, తిరుగుతుండగానే అది నీటిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మాలు బిగుసుకుపోయి తట్టలోంచి జారదు. అప్పుడు మేస్త్రీ అడుగుతాడు, మిల్లర్ దగ్గరున్న మనిషి బకెట్‌తో నీళ్లు పోస్తాడు. ఒక సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీరు అంటే బరువులో నీటికీ సిమెంటుకూ నిష్పత్తి 0.50. ఘనమీటరుకు 320 కిలోల సిమెంటు ఉండే కాంక్రీటులో అయిదో వంతు కంకర మార్చితే, బస్తాకు వచ్చే పాత కాంక్రీటు కంకర సుమారు 36 కిలోలు. అది 5 శాతం పీల్చినా పట్టే నీరు రెండు లీటర్ల లోపే. పోసే నీరు మాత్రం కొలత లేకుండా అయిదు లీటర్లో పదో. అయిదే అనుకున్నా, కంకర పీల్చింది పోగా నిష్పత్తి 0.56 దాటుతుంది. కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తేలికపాటి వాతావరణంలోని సలాక కాంక్రీటుకే గరిష్ఠ పరిమితి 0.55, ఒక మెట్టు పైన ఉన్న మధ్యస్థ వాతావరణానికి 0.50. అంటే ఒక్క బకెట్ ఆ కాంక్రీటును ప్రమాణం బయటికి నెట్టేస్తుంది. అప్పుడు గుల్లబారింది కొత్త మాలు, నింద పడేది పాత కంకర మీద.

దీనికి విరుగుడు మన మేస్త్రీలకు కొత్తదేమీ కాదు. గోడ కట్టే ముందు ఇటుకను నీళ్లలో నానబెట్టని మేస్త్రీ ఉండడు. ఆరిన ఇటుక మాలులోని నీరు లాగేస్తుందని అతనికి తెలుసు. అదే కారణంతో ఈ కంకరను కూడా ముందురోజు తడిపి, గోనె పట్టాలు కప్పి, పైన నీరు కారకుండా లోపల తడి ఉన్న స్థితిలో మిల్లర్‌లో వేయాలి. తడిని కొలిచి ఆ మేరకు కలిపే నీటిని తగ్గించాలి, బకెట్ పక్కన పెట్టి కొలపాత్ర వాడాలి, జారుడు కావాలంటే నీటికి బదులు తగిన రసాయనం వాడాలి. మరో మంచి పద్ధతి నీటిని రెండు విడతలుగా పోయడం. కంకర, ఇసుక, సిమెంటు వేసి వాటిలో సగం నీరే ముందు పోసి తిప్పితే చిక్కటి సిమెంటు ముద్ద పాత మాలు రంధ్రాల్లోకీ పగుళ్లలోకీ దిగి పూత పడుతుంది, తర్వాత మిగిలిన నీరు పోయాలి. ప్రయోగశాలల్లో ఈ పద్ధతి వల్ల కొత్త పొర గట్టిపడినట్టు తేలింది. దీనికి అయ్యే అదనపు ఖర్చు మిల్లర్ ఇంకొంచెంసేపు తిరగడమే.

ఫ్లైయాష్ (బొగ్గు మండగా మిగిలే సన్నని బూడిద) విషయంలో మనకు ఒక సౌలభ్యం ఉంది. దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, ఆ చుట్టుపక్కల వాడపల్లి నుంచి హుజూర్‌నగర్, మేళ్లచెరువు దాకా సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. నాణ్యమైన ఫ్లైయాష్ కలిసిన సిమెంటు కాలక్రమంలో రంధ్రాలను సన్నబరుస్తుంది, పాత కాంక్రీటు కంకర వల్ల పెరిగే గుల్లతనాన్ని కొంతవరకు పూడుస్తుంది. అయితే అది నెమ్మదిగా గట్టిపడే సిమెంటు. పైగా క్షారాన్నిచ్చే సున్నాన్ని కొంత ఖర్చు చేసుకుంటుంది కనుక చాలినంత తడపకపోతే కార్బన్ డయాక్సైడ్ విషయంలో మేలుకు బదులు కీడు జరుగుతుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసినదానికి కనీసం 10 రోజులు తడపాలనీ, ఎండ తీవ్రంగా ఉండే పొడి వాతావరణంలో వాటిని 10కీ 14కీ పెంచాలనీ ఐఎస్ 456 చెబుతోంది. మే నెల ఎండలో నల్లగొండలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో నీళ్లు కొట్టడాన్ని తడపడం అనలేం. ఆ రెండింటి మధ్య స్లాబు పూర్తిగా ఎండిపోతుంది. మడులు కట్టి నీరు నిలపాలి, పిల్లర్లకు తడి గోనె చుట్టాలి.

తడపడానికి, నానబెట్టడానికి వాడే నీరు ఏదన్నది కూడా ముఖ్యం. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల భూగర్భ జలం గురించి వేరే చెప్పనవసరం లేదు. ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు చేసినంత హాని కాంక్రీటుకు చేస్తుందని నేను అనడం లేదు. అయితే ఉప్పదనం ఉన్న బోర్లు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి. సలాక కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, సల్ఫేట్ 400 మించకూడదు. పాత కాంక్రీటు కంకర ఆ నీటిని లోపలిదాకా పీల్చుకుని నిల్వ చేసుకుంటుంది కనుక, ఇక్కడ బోరునీటి పరీక్ష మామూలు పనిలో కంటే ఎక్కువ అవసరం.

నీరు మంచిదైనా కంకరతో పాటే వచ్చే మలినాలు ఉంటాయి. మన పట్టణాల్లో ఒక పాత ఇల్లు కూల్చితే కుప్పలో పడేది కాంక్రీటొక్కటే కాదు. డంగుసున్నం గోడల ముక్కలు, ఇటుకలు, షాబాద్ బండలు, టైల్స్, చెక్క, ప్లాస్టిక్ పైపులు, రంగులు అన్నీ కలిసి ఉంటాయి. ఈమధ్య ప్రతి ఇంట్లోనూ చేయిస్తున్న పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగు వీటిలో అన్నిటికంటే ప్రమాదకరం. అది జిప్సం. దాని సల్ఫేట్ కొత్త సిమెంటుతో కలిసి కాంక్రీటు లోపల ఉబ్బే పదార్థాన్ని పుట్టిస్తుంది. క్రషర్‌లో అది మెత్తటి పొడిగా మారి సన్న రకంలోకి చేరుతుంది. సన్న రకాన్ని కూడా కొంత శాతం వాడుకోవడానికి ప్రమాణం ఒప్పుకుంటున్నా, మన దగ్గర వేరుచేసే ఏర్పాటు పక్కాగా వచ్చేదాకా ఇసుక స్థానంలో దాన్ని సలాక కాంక్రీటులోకి రానివ్వకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. అలాగే ఎరువుల గోదాములు, సెప్టిక్ ట్యాంకులు, రసాయన పరిశ్రమల నేలలు కూల్చగా వచ్చిన కాంక్రీటు చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా కొత్త కట్టడంలోకి తీసుకోకూడదు, అందులో ఇంకిన లవణాలు కడిగితే పోవు.

తాగునీటి ట్యాంకుల గురించి ఒక్క మాట స్పష్టంగా చెబుతాను. నీరు నిలిపే కట్టడాల ప్రమాణం ఐఎస్ 3370 సలాక కాంక్రీటుకు సాధారణంగా ఎం-30 గ్రేడు కోరుతుంది. పాత కాంక్రీటు కంకరకు సలాక కాంక్రీటులో ఉన్న అనుమతి ఎం-25తో ముగుస్తుంది. కనుక ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకులో, సంపులో దీన్ని కలిపే ప్రశ్నే రాకూడదు. కృష్ణా జలాలు నల్లాల్లో రావడం కోసం ఫ్లోరైడ్ గ్రామాలు తరాలపాటు ఎదురుచూశాయి. ఆ నీరు నిలిచే ట్యాంకుతో ప్రయోగాలు చేయడానికి ఎవరికీ హక్కు లేదు. వంతెనలకు, ప్రీస్ట్రెస్డ్ గడ్డర్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రతి ఇంటి పునాది గుంతలో అడుగున వేసే 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) బెడ్డు, ప్రహరీల కింద బెడ్డు, గచ్చు కింద పరిచే కాంక్రీటు, వీటిలో సలాక ఉండదు, గ్రేడు ఎం-15 కంటే తక్కువ. నూరు శాతం కొత్త గ్రానైటు కంకరను అక్కడ పూడ్చిపెట్టడం నా దృష్టిలో నిజమైన వృథా. ఇటుక కలిసిన రెండో రకం కూడా అక్కడికి పనికివస్తుంది. రోడ్ల అడుగు పొరల్లో కూల్చివేత వ్యర్థాల వాడకానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2017లోనే ఐఆర్‌సీ 121 పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తర్వాత సలాక లేని కాలనీ సీసీ రోడ్లు, మోరీల పక్క గోడలు, అక్కడ 25 శాతం. ఇవి నాలుగైదేళ్లు నడిచి, మన ఇంజనీర్లకూ మేస్త్రీలకూ చేయి తిరిగాక స్లాబుల్లో 20 శాతం గురించి ఆలోచించవచ్చు. ఒక్కో గుట్టను క్రషర్లు తినేస్తుంటే, ఆ పేలుళ్లకు ఇళ్ల గోడలు బీటలు వారుతున్నాయని, దుమ్ముకు పత్తి చేలు దెబ్బతింటున్నాయని ఊళ్లవాళ్లు మొరపెట్టుకుంటుంటే, పునాది అడుగు బెడ్డుకు కూడా గుట్టనే తవ్వాలనడం నాకు మనసొప్పదు.

అడ్డంకి రవాణా దగ్గర ఉంది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో రోజుకు 500 టన్నుల చొప్పున శుద్ధి చేయగల కేంద్రాలు పెట్టారు. అక్కడి నుంచి నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో సుమారు వంద కిలోమీటర్లు. పక్క ఊరి క్రషర్ కంకర ముందు ఆ లారీ కిరాయి నిలవదు. పాత కాంక్రీటును ఎక్కడ కూల్చితే అక్కడికి దగ్గర్లోనే కొట్టి వాడుకోవాలి. ఒక చోటి నుంచి మరో చోటికి తీసుకుపోగల క్రషర్ యంత్రాన్ని నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట పురపాలికలకు ఉమ్మడిగా ఒకటి, మహబూబ్‌నగర్, జడ్చర్ల, నాగర్‌కర్నూల్, వనపర్తిలకు మరొకటి సమకూర్చితే సాధ్యమవుతుంది. కేంద్రం 2016 మార్చి 29న ప్రకటించిన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు అయిదు లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు కూడా శుద్ధి ఏర్పాట్ల కోసం 36 నెలల గడువిచ్చాయి. ఆ గడువు 2019లోనే దాటింది. ప్రభుత్వ, పురపాలక పనుల్లో 10 నుంచి 20 శాతం సామగ్రి ఈ వ్యర్థాల నుంచి తీసుకోవాలని కూడా ఆ నియమాలే చెప్పాయి. 2025లో ప్రకటించి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్ణయించిన కొత్త నియమాలు ప్రధాన బాధ్యతను 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడాల మీద పెట్టాయి. మన పట్టణాల్లో కూలేవీ లేచేవీ చాలావరకు రెండు మూడు అంతస్తుల ఇళ్లు, దుకాణాలు. వాటి భారం పురపాలికలు తలకెత్తుకోక తప్పదు.

అందుకని పాలకులకు నా విన్నపం ఇది. కూల్చివేత అనుమతి ఇచ్చే కాగితంలోనే కాంక్రీటును, ఇటుక మాలును, మట్టిని, చెక్క ప్లాస్టిక్ ఇనుమును నాలుగు కుప్పలుగా వేరుచేయాలన్న షరతు పెట్టాలి. పీఓపీ సీలింగు, టాయిలెట్ల భాగం ముందే ఊడదీశాక మాత్రమే పొక్లెయిన్‌ను దించాలి. ప్రభుత్వ రేట్ల పట్టికలో పాత కాంక్రీటు కంకరతో వేసే బెడ్డుకు విడి అంశం, విడి రేటు ఉండాలి. ఇప్పుడు దొంగచాటుగా శిథిలాల కంకర కలిపి కొత్త కంకర రేటుకు బిల్లు చేసుకునే అవకాశం అప్పుడే మూతపడుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోని పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల ల్యాబులను లోడు లోడుకూ నీరు పీల్చే శాతం, సల్ఫేట్, క్లోరైడ్ పరీక్షించే పనికి వాడుకోవాలి. ఆ ఫలితం కాపీ ఇల్లు కట్టుకునేవారి చేతికి కూడా అందాలి. వేసిన సీసీ రోడ్డు మీద ఎంత శాతం కలిపారో రాసిన పలక పెట్టి, అయిదేళ్లకూ పదేళ్లకూ కోర్ (గుండ్రటి నమూనా ముక్క) తీసి పరీక్షించి, ఫలితాలను జనం ముందు పెట్టాలి. తొలి రోడ్డు వేసే రోజున మిల్లర్ దగ్గర కొలపాత్ర పట్టుకుని నిలబడటానికి నాలాంటి విశ్రాంత ఇంజనీర్లు ఈ జిల్లాల్లో చాలామంది సిద్ధంగా ఉన్నారు, పిలిస్తే జీతభత్యాలు లేకుండానే వస్తాం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజనీరు (నాణ్యత పరిశీలన),
నల్లగొండ